కృష్ణా నీటికి రెండు చిట్టాలు

కృష్ణా జలాల మాట వస్తే మన దగ్గర ముందు వినపడేది టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. శ్రీశైలంలో ఎంత ఉంది, సాగర్‌కు ఎంత వదిలారు, ఎవరి వాటా ఎంత. ఆ నీళ్లు ఎలా ఉన్నాయన్నది మాత్రం వేరే చిట్టాలో, వేరే శాఖ దగ్గర ఉంటుంది.

మొదటి చిట్టా చాలా పాతది. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. అక్కడి ప్రవాహాలపై 1894-95 నుంచి 1971-72 దాకా ఉన్న 78 ఏళ్ల లెక్కలే కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్‌కు ఆధారం. నూటికి 75 ఏళ్లు ఖాయంగా వచ్చే నికర జలాలు 2,060 టీఎంసీలని తేల్చి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించింది. ఆనకట్ట దగ్గర నీటిమట్టం చూసి పుస్తకంలో ఎక్కించిన సిబ్బంది రాతల మీదే మూడు రాష్ట్రాల వాటాలు నిలబడ్డాయి.

2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణా నది యాజమాన్య బోర్డు వచ్చింది. 2015లో తాత్కాలికంగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 టీఎంసీలు అనుకున్నారు. ఎవరు ఎంత తోడుకున్నారో తేల్చడానికి ప్రవాహాన్ని వాటంతట అవే కొలిచి లెక్క పంపే టెలీమెట్రీ యంత్రాలు పెడదామంటే, శ్రీశైలం జలాశయం నుంచి రాయలసీమకు నీళ్లు తీసుకెళ్లే పోతిరెడ్డిపాడు దగ్గర యంత్రం ఎక్కడ బిగించాలన్నదే మరో పేచీ అయింది.

రెండో చిట్టా 1974 నీటి కాలుష్య నివారణ చట్టంతో మొదలైంది. నీళ్లు ఎలా ఉన్నాయో చూసే పని కాలుష్య నియంత్రణ మండళ్లది. నీటిలో మురికి ఎంతుందో చెప్పే బీఓడీ (జీవ రసాయన ఆక్సిజన్ అవసరం) పరీక్షే చూడండి. నదిలో ముంచి తెచ్చిన నీటిని సీసాలో గాలి బుడగ లేకుండా బిగించి, 27 డిగ్రీల వద్ద 3 రోజులు చీకట్లో ఉంచుతారు. మురికిని తినే సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడేశాయో అప్పుడు తెలుస్తుంది. ఈలోపు ఆ నీళ్లు ఎప్పుడో కిందికి వెళ్లిపోయి ఉంటాయి.

స్నానానికి పనికొచ్చే నీటిలో బీఓడీ లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన 351 కలుషిత నదీ భాగాల్లో మూసీని బీఓడీ 30 మిల్లీగ్రాములు దాటిన వాటి జాబితాలో చేర్చారు. హైదరాబాద్ మురుగు మోసుకొచ్చే ఆ మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ కిందే పులిచింతల, దాని కింద ప్రకాశం బ్యారేజీ, విజయవాడ, డెల్టా పొలాలు.

టీఎంసీ లెక్కలో మూసీ నీరూ నీరే. అందుకే వాడపల్లిలో ముంచిన సీసా ఫలితం పులిచింతల గేట్లు ఎప్పుడు ఎత్తాలో నిర్ణయించే ఇంజనీర్ల బల్ల మీదకు కూడా రావాలి. నీటి పంపకాల సమావేశాల్లో మట్టంతో పాటు దాన్నీ చదవాలి.