సొంత ఆట ఆడే కుర్రాడు కోచ్ అయితే

ప్రియమైన చిన్నూ, శ్రావ్యా,

బంతి కాలికి అందితే చాలు, పాస్ ఇవ్వకుండా ముగ్గురిని తప్పించుకుని మీరే గోల్ కొట్టేయాలని చూస్తున్నారట. కోచ్ గారు కేకలేస్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అందుకే మీకు లొబనోవ్‌స్కీ అనే ఫుట్‌బాల్ కోచ్ సంగతి రాస్తున్నాను.

వలేరి లొబనోవ్‌స్కీ 1939లో కీవ్‌లో పుట్టాడు. అప్పటికి ఉక్రెయిన్ సోవియట్ యూనియన్‌లో ఉండేది. మంచి పొడగరి, ఎర్రజుట్టు, డైనమో కీవ్ క్లబ్ జట్టులో లెఫ్ట్ వింగర్, అంటే ఎడమ అంచు నుంచి దాడి చేసేవాడు. అతని కార్నర్ కిక్ చూడ్డానికే జనం వచ్చేవారు. బంతి వంపు తిరుగుతూ వచ్చి, గోల్ ముందు ఉన్నట్టుండి కిందికి జారేది. దానికి అక్కడివాళ్లు పెట్టిన పేరు 'ఎండుటాకు'. 1961లో డైనమో సోవియట్ లీగ్ గెలిచింది. మాస్కో బయటి క్లబ్బుకు ఆ టైటిల్ దక్కడం అదే మొదలు.

1964లో విక్టర్ మాస్లోవ్ కోచ్‌గా వచ్చాడు. దాడైనా డిఫెన్సైనా అందరూ కలిసే చేయాలంటాడాయన. బంతి తన దగ్గరే అట్టిపెట్టుకునే వింగర్‌తో ఆయనకు పడలేదు. లొబనోవ్‌స్కీ బయటికొచ్చి, ఒడెస్సా, దొనెత్స్క్ ఊళ్ల క్లబ్బులకు ఆడి, ముప్పై నిండకుండానే ఆట మానేశాడు.

ఆ తర్వాత కోచ్ అయ్యాడు. ముందు ద్నీప్రో అనే క్లబ్బుకి, 1973 చివరి నుంచి డైనమోకి. ఇక్కడే నాకు తమాషా అనిపిస్తుంది. ఒకప్పుడు తనను పక్కన పెట్టిన పద్ధతినే ఆయన ఇంకా బిగించాడు! జెలెంత్సోవ్ అనే శాస్త్రవేత్తను తోడు పెట్టుకుని, ఎవరు ఎన్ని పాస్‌లు ఇచ్చారు, ఎన్నిసార్లు బంతి పోగొట్టారు అని ప్రతి మ్యాచ్‌కీ లెక్క కట్టించేవాడు. మ్యాచ్ అయ్యాక ఆ లెక్కల కాగితం అందరికీ కనబడేలా నోటీసు బోర్డు మీద ఉండేది. ఎంత స్టారైనా తప్పించుకోలేడు. ఆటగాడు లొబనోవ్‌స్కీని కోచ్ లొబనోవ్‌స్కీ జట్టులోకి తీసుకునేవాడా? నాకు డౌటే.

ఫలితం మాత్రం వచ్చింది. 1975లో కప్ విన్నర్స్ కప్ (యూరప్ దేశాల్లో కప్పులు గెలిచిన క్లబ్బుల పోటీ) గెలిచి, యూరప్ ట్రోఫీ అందుకున్న మొదటి సోవియట్ క్లబ్ అయింది డైనమో. ఆ ఏడే డైనమో ఫార్వర్డ్ బ్లోఖిన్‌కి బాలన్ డోర్, అంటే యూరప్‌లో ఆ ఏటి మేటి ఆటగాడి అవార్డు, వచ్చింది. అయితే మరుసటి ఏడాది ఆ కసరత్తులు భరించలేక ఆటగాళ్లే ఎదురు తిరిగారు. మీ కోచ్ గారు ఆ లెక్కన చాలా మెత్తన. 1988 యూరో (యూరప్ దేశాల జట్ల పోటీ) ఫైనల్లో సోవియట్ జట్టు లొబనోవ్‌స్కీ కోచింగ్‌లోనే నెదర్లాండ్స్ చేతిలో 2-0తో ఓడింది కూడా. ముసలితనంలో మళ్లీ కీవ్ వచ్చి షెవ్‌చెంకో అనే కుర్ర ఫార్వర్డ్‌ని తీర్చిదిద్దాడు. 1997లో డైనమో జట్టు స్పెయిన్ క్లబ్ బార్సిలోనాని వాళ్ల సొంత మైదానంలోనే 4-0తో చిత్తు చేసిన రోజున, షెవ్‌చెంకో ఫస్ట్ హాఫ్‌లోనే హ్యాట్రిక్ కొట్టాడు. 2002లో ఒక మ్యాచ్ జరుగుతుండగా లొబనోవ్‌స్కీకి స్ట్రోక్ వచ్చింది. కొద్ది రోజులకే పోయాడు.

ఆదివారం హోంవర్క్ అయ్యాక యూట్యూబ్‌లో 1986 కప్ విన్నర్స్ కప్ ఫైనల్ పెట్టుకోండి. అట్లెటికో మాడ్రిడ్ మీద డైనమో 85వ నిమిషంలో కొట్టిన రెండో గోల్ చూడండి. ఎడమ నుంచి రాట్స్, అతని నుంచి బెలనోవ్, తర్వాత యెవ్తుషెంకో, చివరికి కుడివైపు బ్లోఖిన్. బ్లోఖిన్ దాన్ని గోలీ తల మీదుగా లేపేశాడు. మధ్యలో ఇద్దరూ బంతిని కాలి దగ్గర ఎంతసేపు ఉంచుకున్నారో వాచీ పట్టుకుని చూసి, నాకు ఫోన్ చేయండి.

ప్రేమతో,
తాతయ్య