మూడు రేషన్లకు ఒక ఇంజెక్షన్: కాక్స్ బజార్ శిబిరాల్లో అపోహలు - వాస్తవాలు

బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌లో, మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా శరణార్థుల శిబిరాల్లో ప్రసూతి వైద్యురాలిగా పనిచేశాను. ఊరికి వచ్చినప్పుడు మనవాళ్లు అడిగేవి, అక్కడి స్త్రీలు అడిగేవి, రెండూ కలిపి రాస్తున్నాను.

అపోహ: వాళ్లకు కుటుంబ నియంత్రణ పట్టదు.

ఈ మాట వింటే నాకు చిరాకు. 2017 ఆగస్టు నుంచి 7 లక్షల మందికి పైగా మయన్మార్‌లోని రఖైన్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చారు. అక్కడ మాంగ్డా, బుతిడాంగ్ ప్రాంతాల్లో రోహింగ్యాలకు ఇద్దరు పిల్లలే అన్న ఆంక్ష ఉండేది. పెళ్లికీ అధికారుల అనుమతి కావాలి. అలాంటి చోటి నుంచి వచ్చిన మనిషిని తెల్లకోటు వేసుకుని "పిల్లలెంతమంది?" అని అడిగితే అనుమానించదా? నమ్మకం కుదిరాక వాళ్లే అడుగుతారు, ఎక్కువగా మూడు నెలలు పనిచేసే గర్భనిరోధక ఇంజెక్షన్. వెదురు, టార్పాలిన్ గుడిసెలో మాత్రల అట్ట దాచే చోటు ఎక్కడిది? సూది గుర్తు సాయంత్రానికి కనిపించదు. ఒకామె తర్వాతి తేదీ రాసిన కార్డు కూడా తీసుకోలేదు. అత్తగారి కంట పడుతుందని భయం. "మూడు రేషన్లు అయ్యాక వస్తాను" అంది, అంటే మూడు నెలలకు. వారం ఆలస్యంగా వచ్చింది. 4 వారాల వరకూ ఆలస్యమైనా ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. గడువు దాటిందని తిప్పి పంపేవాళ్లను చూస్తే కోపం వస్తుంది.

అపోహ: ఇంజెక్షన్ వల్ల నెలసరి ఆగితే చెడు రక్తం కడుపులో పేరుకుపోతుంది.

పేరుకోవడానికి అక్కడేమీ ఉండదు. మందు ప్రభావంతో గర్భాశయం లోపలి పొర పలచగానే ఉండిపోతుంది, అందుకే రక్తస్రావం ఆగుతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే రెండో ఇంజెక్షన్‌కు రారు.

అపోహ: ఇంజెక్షన్ తీసుకుంటే ఇక పిల్లలు పుట్టరు.

పుడతారు, కాస్త ఆలస్యంగా. చివరి ఇంజెక్షన్ తర్వాత గర్భం నిలవడానికి సగటున 10 నెలలు పడుతుంది. త్వరలో బిడ్డ కావాలనుకునేవారికి ఇది సరైన ఎంపిక కాదని నేనే చెబుతాను.

అపోహ: గర్భనిరోధక ఇంప్లాంట్ పెట్టేస్తే మన పని అయిపోయినట్టే.

ఇది మా వైద్య సిబ్బంది అపోహ. అగ్గిపుల్లంత కడ్డీని మోచేతికి పైన, చేతి లోపలి వైపు చర్మం కింద పెట్టడం నిమిషాల పని. రకాన్ని బట్టి 3 నుంచి 5 ఏళ్లు పనిచేస్తుంది. కానీ తీయడానికి శిక్షణ పొందిన చెయ్యి కావాలి. ఆమె ఆరు నెలలకే తీయమంటే కారణం చెప్పనక్కర్లేదు, తీయాల్సిందే. పెట్టే రోజునే ఆమె వేలితో కడ్డీని తడిమిస్తాను, తీసే గది ఏదో చూపిస్తాను. చాలామంది మొదట అడిగేది ఆ గది గురించే.