ఎదమీది బరువు ఎక్కడిది?

తెల్లవారుజామున మెలకువ వచ్చిందని, గది అంతా స్పష్టంగా కనబడుతున్నా వేలు కూడా కదపలేకపోయానని, ఎదమీద ఎవరో ఎక్కి కూర్చున్నట్లు ఊపిరి అందలేదని, ఆ స్థితిలో ప్రాణం పోయే ప్రమాదం ఉందా అని ఒక పాఠకురాలు అడిగారు. పోదు. దీనిని వైద్యులు నిద్రాపక్షవాతం అంటారు. ఇది కొన్ని సెకన్ల నుంచి కొద్ది నిమిషాల వరకు ఉండి దానంతటదే విడిపోతుంది. 2011లో షార్ప్‌లెస్, బార్బర్ అనే పరిశోధకులు 35 అధ్యయనాలను, అంటే 36,533 మంది అనుభవాలను, కలిపి లెక్కగడితే సాధారణ జనాభాలో 7.6 శాతం మందికి, విద్యార్థులలో 28.3 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది ఎదురైనట్లు తేలింది. అయితే ‘పోదు’ అన్న ఒక్క మాట ఆమెకు చాలదు. ఊపిరి నిజంగా ఆగకపోతే ఆగినట్లు ఎందుకు తోస్తుంది? నన్ను ఎంతోకాలంగా ఆకట్టుకున్న ప్రశ్న ఇదే. దీనికి సమాధానం అర్థమైతే ఆ క్షణాలలో ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

నిద్ర దశల వివరణ జోలికి పోకుండా నేరుగా రెమ్ నిద్రకు వస్తాను. కనుగుడ్లు మూసిన రెప్పల కింద వేగంగా కదులుతూ, గాఢమైన కలలు వచ్చే దశ ఇది. ఆ సమయంలో కదలికలను ఆజ్ఞాపించే మెదడు భాగాలు దాదాపు మెలకువలో ఉన్నంత చురుకుగా పనిచేస్తాయి. అయినా కలలో పరుగెత్తేవాడు మంచం దిగడు. కారు నడిపేవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. క్లచ్ తొక్కి ఉంచినంతసేపు యాక్సిలరేటర్ ఎంత నొక్కినా ఇంజను హోరెత్తుతుందే తప్ప చక్రం తిరగదు. రెమ్ నిద్రలో మన ఇంజను నడుస్తూనే ఉంటుంది, క్లచ్ కూడా తొక్కి ఉంటుంది. ఆ క్లచ్ ఎక్కడుందో ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో మిషెల్ జువే అనే నిద్ర పరిశోధకుడు 1950ల చివరి నుంచి పిల్లుల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. మెదడు కాండంలోని పాన్స్ అనే భాగంలో ఒక చిన్న ప్రాంతాన్ని దెబ్బతీస్తే, ఆ పిల్లులు రెమ్ నిద్రలో ఉండగానే లేచి, కనబడని ఎరను వెంటాడి, పంజా విసిరాయి. క్లచ్ తెగింది, చక్రాలు తిరిగాయి.

ఈ క్లచ్ పనిచేసే తీరు కొంత సాంకేతికమైనదే అయినా తెలుసుకోదగినది. పాన్స్‌లో మొదలైన ఆదేశం మెదడు కాండంలో అడుగున, వెన్నుపాముకు ఆనుకొని ఉండే మజ్జాముఖానికి, అక్కడినుంచి వెన్నుపాములో కండరాలను కదిలించే చాలక నాడీకణాలకు చేరుతుంది. అక్కడ గ్లైసిన్, గాబా అనే రెండు రసాయనాలు విడుదలై ఆ కణాలను అణచివేస్తాయి. ఈ రెండింటిలో ఏ ఒక్కదాన్ని అడ్డుకున్నా కండరాలు సడలిపోయే ఉంటాయని, రెండు రసాయనాల పనినీ ఒకేసారి అడ్డుకుంటేనే రెమ్ నిద్రలోని నిశ్చలత్వం పోతుందని టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూక్స్, పీవర్ 2012లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో చూపారు. కండరానికి గానీ నరానికి గానీ ఏ హానీ జరగదు. ఆజ్ఞ దారిలోనే ఆగిపోతుంది, అంతే. ఈ క్లచ్ మీద ఉన్న పాదం మన ఇష్టాయిష్టాలకు లోబడినది కాదు. సాధారణంగా మెలకువ రాగానే అది పక్కకు తప్పుకుంటుంది. స్పృహ ముందు వచ్చి, పాదం కొంచెం ఆలస్యంగా లేస్తే, ఆ మధ్య వ్యవధే నిద్రాపక్షవాతం.

ఇక ఊపిరి సంగతి. ఈ క్లచ్ చక్రాలన్నిటినీ ఒకేలా విడదీయదు. కనుగుడ్లను తిప్పే కండరాలను అది వదిలేస్తుంది. అందుకే కదలలేని మనిషి కూడా గదంతా కలయజూడగలడు. ఛాతీకి, పొట్టకు మధ్య గొడుగులా పరచుకొని ఉండే ఉదరవితానాన్ని కూడా దాదాపుగా వదిలేస్తుంది. మెడ దగ్గర 3, 4, 5 వెన్ను నాడుల నుంచి బయలుదేరిన ఫ్రెనిక్ నాడి ద్వారా మజ్జాముఖం పంపే లయబద్ధమైన ఆజ్ఞలు రెమ్ నిద్రలోనూ దానికి అందుతూనే ఉంటాయి. కాని పక్కటెముకల మధ్య కండరాలు, మెడలో ఉండి దీర్ఘశ్వాసకు తోడ్పడే కండరాలు మాత్రం సడలిపోతాయి. గొంతు కండరాల బిగువు కూడా తగ్గి గాలి దారి కొంత ఇరుకవుతుంది, వెల్లకిలా పడుకున్నప్పుడు నాలుక వెనక్కి జారి ఇంకొంత ఇరుకవుతుంది. మొత్తం మీద ఆ దశలో ఊపిరి తేలికగా, పొట్ట భాగం నుంచి, కాస్త లయ తప్పుతూ సాగుతుంది. నిద్రిస్తున్న శరీరానికి అది సరిపోతుంది.

పాఠశాలలో శ్వాసక్రియ బోధించేటప్పుడు బెల్ జార్ కింద రబ్బరు పొరను లాగి చూపి, ఉదరవితానం గాలిని లోపలికి రప్పిస్తుందని చెప్పి ముగిస్తారు. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఊపిరి పనిలో అధికభాగం ఆ ఒక్క కండరమే చేస్తుందని, ఛాతీ బలంగా పైకి లేవవలసిన అవసరం మనం గట్టిగా పీల్చాలనుకున్నప్పుడే వస్తుందని కూడా ఆ పాఠంలోనే చెప్పాలని నా అభిప్రాయం. అది తెలియనివారికి ఛాతీ లేవకపోతే ఊపిరే ఆగినట్లు తోస్తుంది. నిద్రాపక్షవాతంలో జరిగేది సరిగ్గా ఇదే. మేలుకున్న మనిషికి ఊపిరి తేలికగా ఉన్నట్లు తెలుస్తుంది, భయం వేస్తుంది, గుండెనిండా గాలి పీల్చాలని ప్రయత్నిస్తాడు. ఆ ఆజ్ఞ వెళ్లవలసింది పక్కటెముకల కండరాలకు, మెడ కండరాలకు. అవి క్లచ్‌కు అవతల ఉన్నాయి. ఇంజను హోరెత్తుతుంది, చక్రం తిరగదు. అంత బలంగా ఆజ్ఞ ఇచ్చినా ఛాతీ కదలలేదన్న సమాచారం మెదడుకు తిరిగి వస్తుంది. పంపిన ఆజ్ఞకు, తిరిగివచ్చిన సమాచారానికి పొంతన కుదరనప్పుడు, ఏదో బరువు ఛాతీని అదిమిపెట్టి ఉందని మెదడు అర్థం చేసుకుంటుందన్నది ఈ అనుభవాన్ని అధ్యయనం చేసినవారి వివరణ. ఎంత గింజుకుంటే ఆ బరువు అంత పెరుగుతుంది. నిజానికి ఆ బరువు మన ప్రయత్నానిదే. ఈలోగా మజ్జాముఖం ఆదేశించిన ఊపిరి మన ప్రమేయం లేకుండా సాగుతూనే ఉంటుంది.

గదిలో ఎవరో ఉన్నారన్న భావన సంగతి మరొకటి. రెమ్ నిద్రలో భయాన్ని పసిగట్టే అమిగ్డలా చాలా చురుకుగా ఉంటుంది. కళ్లు తెరిచాక కూడా ఆ హెచ్చరిక కొంతసేపు ఆగదు గనుక, భయానికి కారణం ఎక్కడో ఉండి తీరాలని మెదడు వెదుకుతుంది. మన శరీరం ఏ భంగిమలో, ఎక్కడ ఉందో లెక్కగట్టే భాగం కూడా ఆ గడియలో తడబడుతుందని భావిస్తున్నారు. 2006లో ఓలాఫ్ బ్లాంకే బృందం మూర్ఛవ్యాధి పరీక్షల సందర్భంగా 22 ఏళ్ల యువతి మెదడులో ఎడమ కణత, పార్శ్వ భాగాలు కలిసే చోట స్వల్ప విద్యుత్తును ప్రసరింపజేసినప్పుడు, తన వెనుక ఒక నీడలాంటి మనిషి ఉన్నట్లు ఆమె చెప్పింది. ఆమె పడుకుంటే అతడూ పడుకున్నాడు. ఆమె మోకాళ్లు చుట్టుకొని కూర్చుంటే అతడూ కూర్చొని ఆమెను చేతులతో చుట్టాడు. ఆమె వెనుక కూర్చున్నది ఆమె శరీరపు ఛాయే.

దయ్యమని చెప్పేవారిని ఎగతాళి చేయడం నాకు సమ్మతం కాదు. వారు కన్నది, విన్నది, ఎదమీద మోసినది కల్పన కాదు, తప్పేదల్లా కారణం దగ్గరే. కాని ఆ తప్పు కారణాన్ని నమ్మడం వల్ల నష్టం ఉంది. డెన్మార్క్, ఈజిప్టు దేశాల ప్రజలను పోల్చిన బాలంద్ జలాల్, డెవన్ హింటన్‌ల 2013 అధ్యయనంలో, అతీంద్రియ శక్తుల పని అని నమ్మడం ఎక్కువగా ఉన్న ఈజిప్టువారిలో చచ్చిపోతామన్న భయం, కదలలేని వ్యవధి రెండూ ఎక్కువగా కనిపించాయి. ఒకటి మరొకదానికి కారణమని దీనితోనే రుజువు కాదు, కాని భయానికి గింజులాట, గింజులాటకు మరింత భయం తోడవుతాయన్న పై వివరణకు అది సరిపోతుంది.

కాబట్టి ఆ క్షణంలో మొదట చేయవలసిన పని ఊపిరిని దాని మానాన వదిలేయడం. దీర్ఘంగా పీల్చవద్దు, లేవాలని పెనుగులాడవద్దు. కళ్లు మూసుకొని, ఇది నిద్రాపక్షవాతం, దానంతటదే పోతుంది అని మనసులో అనుకొని, ఇష్టమైన మనిషి ముఖం మీదో ప్రార్థన మీదో ధ్యాస నిలిపి, ఒళ్లంతా వదులు చేసినట్లు ఊహించాలి. జలాల్ రూపొందించిన పద్ధతి సారాంశం ఇదే. 2020లో వెలువడిన ఒక చిన్న పరిశీలనలో నార్కోలెప్సీ, అంటే పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు, ఉన్న పదిమందిలో ఆరుగురు దీనిని అభ్యసించగా, పోలిక కోసం మిగిలిన నలుగురు దీర్ఘశ్వాస సాధన చేశారు. మొదటివారిలో ఈ అనుభవం కలిగిన రోజులు సగం మేరకు తగ్గాయి. పదిమందితో చేసినది గనుక దీనిని తుదితీర్పుగా తీసుకోరాదు. ఈ పద్ధతిని పగటిపూట, భయం లేనప్పుడు, పడుకొని అభ్యాసం చేయాలి. ఆ గడియలో కొత్తగా నేర్చుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. పక్కన పడుకునేవారికి ముందే చెప్పి ఉంచితే మరీ మంచిది, వారు పేరుపెట్టి పిలిచినా భుజం తట్టినా చాలాసార్లు వెంటనే విడిపోతుంది.

రాకుండా చూసుకోవడంలో ముఖ్యమైనది నిద్రవేళలను క్రమం తప్పనివ్వకపోవడం. 1992లో జపాన్‌లో తకెయుచి బృందం ఆరోగ్యవంతులను రాత్రి నిద్ర మధ్యలో లేపి, మళ్లీ పడుకోబెట్టి, నేరుగా రెమ్ నిద్రలోకి జారేలా చేసి ఈ స్థితిని ప్రయోగశాలలోనే రప్పించగలిగింది. రాత్రి డ్యూటీలు, పరీక్షల జాగరణలు చేసే పని కూడా అదే. వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోవడం చాలామందికి ఉపకరిస్తుంది.

అప్పుడప్పుడు వచ్చి పోతే చికిత్స అవసరం లేదు. కాని పగలు కూర్చున్నచోటే నిద్ర ముంచుకొస్తున్నా, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు తూలిపోతున్నా, గురక మధ్యలో ఊపిరి ఆగి ఉక్కిరిబిక్కిరై లేస్తున్నా, మళ్లీ వస్తుందేమోనన్న భయంతో పడుకోవడానికే వెనుకాడుతున్నా నిద్రావైద్యులను కలవాలి. మొదటి రెండూ నార్కోలెప్సీకి, మూడవది స్లీప్ ఆప్నియాకు సూచనలు కావచ్చు. ఎన్ని గంటలకు పడుకున్నారో, ఏ వైపు తిరిగి పడుకున్నారో, ఎప్పుడు కదలలేకపోయారో రెండు వారాలపాటు రాసి తీసుకెళ్తే రోగనిర్ధారణ చాలా తేలికవుతుంది.