ఫొటో ఒరిజినలే, మరి ఆ మూడు లైట్లేంటి?

మళ్లీ మొదలైంది. మారతహళ్లిలో ఒక పీజీ టెర్రస్ మీంచి మనోడొకడు తీసిన ఫొటో, ఆకాశంలో మూడు లైట్లు త్రికోణంగా, యూఎఫ్ఓ (గ్రహాంతరవాసుల వాహనం) అంటూ బెంగళూరు తెలుగు గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. "ఒరిజినల్ ఫైలు పెట్టాడు, ఎడిటింగ్ లేదు, ఇంకేం కావాలి" అని ఒక బ్యాచ్, "ఏఐ బాబూ వదిలేయ్" అని ఇంకో బ్యాచ్.

1947 నాటి ఎగిరే పళ్లాల కథ అందరూ వినేసిందే, అది పక్కన పెడదాం. ఈ "ఒరిజినలే కదా" అనే వాదన సంగతి తేలింది బెల్జియంలో, 2011లో. అంతకు 21 ఏళ్ల ముందు, 1990లో, పెటి రెషాన్ అనే ఊళ్లో ఒక కుర్రాడు స్లైడ్ (ఫిల్ము మీద ఫొటో) తీశాడు, నల్లటి త్రికోణం, మూలకో లైటు, మధ్యలో ఇంకోటి. అప్పటికే 1989 నవంబర్ నించి అక్కడి జనం త్రికోణాలు చూశాం చూశాం అంటున్నారు, మార్చి ఆఖర్లో ఎయిర్‌ఫోర్స్ ఎఫ్-16 ఫైటర్ జెట్లు కూడా లేపింది, ఇంక ఈ ఫొటో ఎంత ఫేమస్ అయ్యుంటుందో చూస్కోండి. నిపుణులు ఏళ్లతరబడి పరీక్షించినా ఫిల్ము మీద చెయ్యి పెట్టిన గుర్తే దొరకలేదు. చివరికి తీసినాయనే టీవీకొచ్చి చెప్పాడు, పాలిస్టిరీన్ ముక్క (మన టీవీ డబ్బాలో వస్తుందే, ఆ థర్మోకోల్ లాంటిదే) త్రికోణంగా కోసి, రంగేసి, లైట్లు పెట్టి వేలాడదీశా అని.

ఫిల్ము విషయంలో నిపుణులు చెప్పింది తప్పేం కాదు, అది శుభ్రంగానే ఉంది. మాయంతా లెన్సు ముందు జరిగింది.

1950 నాటి అమెరికా మెక్‌మిన్‌విల్ ఎగిరే పళ్లెం ఫొటోలదీ ఇదే తంతు, నెగెటివ్‌లు బానే ఉన్నాయి గానీ పళ్లెం పైన తీగలు కనిపిస్తాయి, వాటికే దాన్ని వేలాడదీశారా అన్నది ఇప్పటికీ గొడవే. నమ్మేవాళ్లు 2022లో బయటికొచ్చిన స్కాట్లాండ్ కాల్వైన్ ఫొటో చూపిస్తారు, అదేంటో తేలలేదు, ఒప్పుకుంటా.

ఇప్పుడు మన ఫొటోకొద్దాం. కింద ఎడమ మూల, వాటర్ ట్యాంకు పక్కన, మూడు ఎల్ఈడీ బల్బులున్నాయి. వాటి నించి ఫొటో నడిమధ్యకి గీత గీసి అంతే దూరం ముందుకెళ్తే మన త్రికోణం, అదీ తలకిందులుగా. వెలుగెక్కువున్న లైటు ఫోన్ లెన్సుల మధ్య తన్నుకుని సరిగ్గా ఎదురు వైపు పడుతుంది. అంటే ఏఐ కాదు, ఎడిటింగూ కాదు, ఆకాశంలో ఉన్నదీ కాదు.

తీసినోడికి మెసేజ్ పెట్టా, ఆ బల్బులు ఆర్పి ఇంకోటి తియ్యి తమ్ముడూ అని. స్విచ్ ముట్టుకుంటే పీజీ ఆంటీ తిడతదంట.