పితూరీ: గోదావరి మన్యంలో ఫిర్యాదు తిరుగుబాటుగా మారిన చరిత్ర

కోనసీమలో ఈనాడు ఎవరినైనా "పితూరీలు మోస్తున్నాడు" అంటే పక్కవాడి సంగతులు పైవాళ్ల చెవిన వేస్తున్నాడని అర్థం. పంతొమ్మిదో శతాబ్దపు సర్కారు దస్త్రాలలో మాత్రం అదే మాటకు అర్థం తిరుగుబాటు. చాడీకీ తిరుగుబాటుకూ ఒకే మాట ఎలా కుదిరిందో భాషావేత్తలు చెప్పాలి గానీ, 1879లో రంపలో జరిగినదాన్ని గమనిస్తే ఫిర్యాదుకూ తిరుగుబాటుకూ నడుమ దూరం ఎంత తక్కువో బోధపడుతుంది. మన్యంలో నిరసన హక్కు గురించి ఇప్పుడు నడుస్తున్న వాదనలకు మూలం అక్కడే ఉంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా పచ్చబడింది. ఎగువన రంప కొండలలో పాలన మన్సబుదారు అనే స్థానిక ప్రభువు చేతిలో, అతని కింద కొన్నేసి ఊళ్లకు పెద్దలైన ముఠాదారుల చేతిలో ఉండేది. ఆబ్కారీ (మద్యం) చట్టం వచ్చి, కొండవాళ్లు తమ ఇంటి అవసరానికి గీసుకునే కల్లు కూడా గుత్తకు లోబడింది. ఆ గుత్తను మన్సబుదారే చేజిక్కించుకుని, అది చాలనట్టు చిగురు పన్ను పేరిట కల్లు గీతపై మరో వసూలు మొదలుపెట్టాడు. కల్లు అంటే పల్లపు ప్రాంతం వారికి సాయంకాలపు కాలక్షేపం కావచ్చు. కొండమీద ఎండాకాలంలో అది ఆహారంలో భాగం. అందుచేత ఈ పన్ను నేరుగా పొయ్యి దగ్గరికే వచ్చింది.

రెండో కారణం కోర్టులు. మైదానం నుంచి వచ్చిన వర్తకులు గిరిజనులకు అప్పులిచ్చి, పత్రాలు రాయించుకుని, కొండవాళ్లు హాజరు కాలేని దూరపు కోర్టులలో ఏకపక్ష డిక్రీలు పొందేవారు. ఐదు రూపాయల బాకీకి వంద రూపాయల విలువైన పశువులనూ సొత్తునూ తోలుకుపోయిన ఉదంతాలు తరువాతి కాలపు జిల్లా గెజిటీరులోకి కూడా ఎక్కాయి. ఆ జప్తులకు తోడుగా నిలిచినవారు పోలీసులు; వారి మామూళ్లు వేరు. అన్యాయం జరిగిందని చెప్పుకోవడానికి కొండలో ఉన్న సర్కారు గుమ్మం పోలీసు ఠాణా ఒక్కటే, చెప్పుకోవలసినది కూడా ఆ ఠాణా గురించే. 1879 మార్చిలో రంప గ్రామాలు లేచినప్పుడు దాడి మొదట పోలీసుల మీదే ఎందుకు జరిగిందో వేరే వివరించనక్కరలేదు.

తిరుగుబాటు ఏప్రిల్‌లో గొలుగొండ కొండలకూ, జూలైలో భద్రాచలం తాలూకాలోని రేకపల్లికీ పాకింది. రేకపల్లిలో కారణం కల్లు కాదు, పోడు, అంటే అడవి నరికి కాల్చి చేసే కొండసాగు. ఆ ప్రాంతం 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసుకు బదిలీ అయిన తరువాత పోడు మీద శిస్తు దాదాపు మూడింతలై, అడవిమీద ఆంక్షలు మొదలయ్యాయి. అణచివేతకు ఇరుగుపొరుగు జిల్లాల పోలీసులతో పాటు ఆరు మద్రాసు పదాతి దళాలను దించవలసి వచ్చింది. 1880లో నాయకుడు తమ్మన్నదొర హతుడయ్యాడు. అనేకులను అండమాన్‌కు పంపారు. విచారణకు వచ్చిన రెవెన్యూ బోర్డు సభ్యుడు సలివన్ మన్సబుదారు దురాగతాలను ధ్రువపరిచాడు, మన్సబు రద్దయింది. అంటే ఫిర్యాదు న్యాయమైనదేనని సర్కారే ఒప్పుకుంది, ఫిర్యాదుదారులను శిక్షించిన తరువాత.

1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు కష్టం మన్యమంతటికీ విస్తరించింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ హయాంలో రోడ్డు పనులకు కూలీ సరిగా ఇవ్వకపోవడం దానికి తోడై, 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను వరుసగా ముట్టడించి ఆయుధాలు తీసుకుపోయింది. 1924 మే 7న ఆయన మరణంతో దాదాపు ముగిసిన ఆ పోరాటం తెలుగువారందరికీ తెలిసినదే. అయితే మనం విగ్రహాలు నిలిపినది ఆయనకు. ఆ ఠాణాల మీదికి వెంట నడిచిన గాము సోదరుల వంటి ముఠాదారుల పేర్లు డెల్టా పట్టణాలలో ఎందరికి తెలుసు?

రాజ్యాంగం 19వ అధికరణంలో శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు ఇచ్చింది, ఐదో షెడ్యూలులో గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక రక్షణ కల్పించింది. (విల్లంబులు ఇంటి సామానులో భాగమైన కోయలకు, కొండరెడ్లకు "ఆయుధాలు లేకుండా" అన్న మాట ఎలా వర్తిస్తుందన్నది చిన్న ప్రశ్న కాదు.) కానీ పోలీసుల చేతిలో పాత పరికరాలు అలాగే మిగిలాయి. 1857 తిరుగుబాటు అనంతరం వచ్చిన 1861 పోలీసు చట్టంలోని సెక్షన్ 30 ఊరేగింపులను, సభలను నియంత్రించడానికి ఈనాటికీ వాడుకలో ఉంది. గుంపులు కూడడాన్ని నిషేధించడానికి వాడే, నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ)లోని 144 సెక్షన్ 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163గా కొనసాగుతోంది. "సెక్షన్ 30 అమల్లో ఉంది" అన్న ప్రకటన అమలాపురం, రామచంద్రపురం వాసులకు వాతావరణ సూచన అంత పరిచితం.

ఈ ఆంక్షలు కొండలకే పరిమితం కావు. 2016లో భీమవరం సమీపంలోని తుందుర్రు, చుట్టుపక్కల గ్రామాలవారు ఆక్వా ఫుడ్ పార్కు వద్దన్నప్పుడు అక్కడ 144 విధించారు. 2023 జనవరిలో రోడ్లపై సభలను కట్టడి చేస్తూ సెక్షన్ 30 ఆధారంగా ప్రభుత్వం ఇచ్చిన ఒకటో నంబరు జీవోను రాష్ట్ర హైకోర్టు ఆ ఏడాది మే 12న కొట్టివేసింది. నియంత్రించే అధికారం నిషేధించే అధికారం కాదన్నది ఆ వాదనలలో కీలకాంశం.

కొండలకు ఇప్పటి తగవు గోదావరిపై కడుతున్న పోలవరం ప్రాజెక్టు. డెల్టా ఆయకట్టుకు నీటి భరోసా కోసం దాదాపు లక్ష కుటుంబాలు ఇల్లు వదలవలసి ఉండగా, వారిలో పెద్ద భాగం గిరిజనులే. షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన పెసా చట్టం 1996 నుంచి ఉన్నందువల్ల భూసేకరణకు ముందు గ్రామసభలను లేదా తగిన స్థాయి పంచాయతీలను సంప్రదించడం తప్పనిసరి. ఆ సంప్రదింపులు జరిగిన తీరు మీదే ముంపు గ్రామాల అభ్యంతరాలు చాలా వరకు నిలిచాయి. దేవీపట్నం మండలంలో ఊళ్లు ఖాళీ అయ్యాయి. పునరావాస కాలనీలకు చేరినవారు మిగిలిన పరిహారం కోసం రంపచోడవరం ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ముందు ధర్నాకు కూర్చోవాలంటే, టెంటు వేసుకోవడానికి అనుమతి కోరుతూ అర్జీ పెట్టుకోవలసినది పోలీసు స్టేషన్‌లోనే.