అపోహలు – వాస్తవాలు: అప్‌డేట్ అయ్యాక చెడిన లైనక్స్ సిస్టమ్‌ని ఫార్మాట్ కొట్టకండి

నెల్లూరు ట్రంకు రోడ్డులోని జిరాక్సు షాపు నుంచి వచ్చినా, ఒంగోలు కాలేజీ ల్యాబు నుంచి వచ్చినా, చీమకుర్తి గ్రానైట్ యూనిట్ ఆఫీసు నుంచి వచ్చినా ఫోన్లో మాట ఒకటే: "అన్నా, అప్‌డేట్ అయ్యాక వైఫై పోయింది. ఫార్మాట్ కొట్టాం. ఐనా రావట్లేదు."

ఎట్లా వస్తుంది? ఫార్మాట్ కొట్టి కొత్తగా వేసుకున్న సిస్టమ్ నెట్ తగలగానే అదే అప్‌డేట్‌ని మళ్లీ దించుకుంటుంది. చెడింది ఆ అప్‌డేట్‌తో వచ్చిన కెర్నెల్లో (హార్డ్‌వేర్‌ని నడిపే సిస్టమ్ గుండెకాయ) అయితే చెడిన కెర్నెలే తిరిగొస్తుంది. ఈలోపు ఒక రోజు పని పోయింది, ఫైళ్లు పోయాయి. అంతకంటే పెద్ద నష్టం, ఏ వెర్షన్‌తో పనిచేసిందో ఏ వెర్షన్‌తో చెడిందో చెప్పే లాగులు (సిస్టమ్ రాసుకునే చిట్టాలు) కూడా డిస్కుతో పాటే తుడిచిపెట్టుకుపోయాయి. మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, అప్‌డేట్‌తో చెడితే ఫార్మాటే మందన్న ఈ ఒక్కటీ ఒక ఎత్తు. అందుకే దీన్ని కాస్త విడమరిచి చెబుతున్నాను. లెక్కంతా లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 24.04ది.

ముందు తెలుసుకోవాల్సింది, పాత కెర్నెల్ మీ డిస్కు మీదే ఉంటుంది. కొత్తది వచ్చినప్పుడు దానికి ముందుదాన్ని ఉబుంటు ఉంచుతుంది. సిస్టమ్ ఆన్ చేసి ఎస్కేప్ కీ తట్టండి, పాత బయాస్ మెషీన్లైతే షిఫ్ట్ నొక్కి పట్టుకోండి. గ్రబ్ మెనూ, అంటే ఏ కెర్నెల్‌తో లేవాలో ఎంచుకునే జాబితా, వస్తుంది. ఎస్కేప్ ఎక్కువసార్లు పడితే మెనూకి బదులు గ్రబ్ ప్రాంప్ట్ వస్తుంది. కంగారు పడక్కర్లేదు, నార్మల్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టి, వెంటనే ఒక్కసారి ఎస్కేప్ నొక్కండి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి రెండో కెర్నెల్ ఎంచుకోండి. వైఫై వచ్చిందా? ఐతే తేడా కెర్నెల్లోనే. ఆ రోజు పని దానితోనే కానివ్వండి. తేలేదాకా ఆటోరిమూవ్ (అక్కర్లేదనుకున్న ప్యాకేజీలను తీసేసే కమాండ్) మాత్రం కొట్టకండి, ఉన్న పాత కెర్నెల్ పోయే వీలుంది.

ఇక్కడొక మెలిక ఉంది. యూఎస్‌బీ వైఫై డాంగిల్‌కి ఎప్పుడో ఎవరో చేత్తో కంపైల్ చేసి డ్రైవర్ వేసి వెళ్లుంటారు. అది ఆ రోజున్న కెర్నెల్‌కే కట్టింది. కొత్త కెర్నెల్ వస్తే దానికి మళ్లీ కట్టాలి. ఆ పని దానంతటదే చేసే టూల్ డీకేఎంఎస్. డీకేఎంఎస్ స్టేటస్ చూస్తే ఏ కెర్నెల్‌కి కట్టి ఉందో తెలుస్తుంది, అందులో ఆ డ్రైవరే కనబడకపోతే డీకేఎంఎస్ లేకుండా వేశారని అర్థం. ఇది రిగ్రెషన్ (అప్‌డేట్ వల్ల బాగున్నది చెడటం) కాదు, ఉబుంటు మీద రిపోర్టు పెట్టి లాభం లేదు. ఎండాకాలంలో అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోయినా అంతే: ముందు డీపీకేజీకి (ప్యాకేజీలను వేసే ప్రోగ్రామ్) కాన్ఫిగర్ ఆప్షన్, దాని వెంట హైఫన్ ఏ ఇచ్చి మిగిలిన సగం పూర్తి చేయించి, ఆ తర్వాత చూడండి.

కెర్నెల్ మార్చినా బాగుపడలేదంటే ఆప్ట్ (అప్‌డేట్లు దించే టూల్) హిస్టరీ లాగ్ తెరవండి. వార్ డైరెక్టరీలో లాగ్, అందులో ఆప్ట్. "మేమేం అప్‌డేట్ కొట్టలేదు" అనేవాళ్లు కమాండ్‌లైన్ అని ఉన్న వరుస చూడాలి. అక్కడ అనటెండెడ్ అప్‌గ్రేడ్ అని ఉంటే సెక్యూరిటీ అప్‌డేట్ దానంతటదే పడిందన్నమాట. అప్‌గ్రేడ్ వరుసలో ప్యాకేజీ పేరు, బ్రాకెట్లో పాత వెర్షన్, కొత్త వెర్షన్ పక్కపక్కనే ఉంటాయి. మీకు కావాల్సింది ఆ రెండు అంకెలే. ఫైర్‌ఫాక్స్ మాత్రం ఈ లాగులో కనపడదు, 22.04 నుంచి అది స్నాప్‌గా, అంటే ఆప్ట్‌తో సంబంధం లేని వేరే రకం ప్యాకేజీగా వస్తోంది. దానికి స్నాప్ చేంజెస్ చూడాలి. స్నాప్ రివర్ట్ ఫైర్‌ఫాక్స్ అంటే ముందు రివిజన్‌కి వెళ్లిపోతుంది.

అపోహ: రిపోర్టు పెట్టాలంటే ప్రోగ్రామర్ అయ్యుండాలి, ఇంగ్లీషు దంచాలి.

అక్కర్లేదు. ఉబుంటు బగ్ అనే కమాండ్‌కి ప్యాకేజీ పేరిస్తే వెర్షన్లు, హార్డ్‌వేర్ వివరాలు అదే జోడిస్తుంది. మీరు రాయాల్సింది నాలుగు ముక్కలు: ఏ వెర్షన్‌లో పనిచేసింది, ఏ వెర్షన్‌లో చెడింది, ఏం చేస్తే చెడుతుంది, పాతదానికి వెళ్తే బాగవుతుందా లేదా. రిగ్రెషన్ అప్‌డేట్ అనే ట్యాగ్ తగిలించండి. మెషీన్ బూట్ మధ్యలో బిగుసుకుపోయి ఉంటే జర్నల్‌సీటీఎల్‌కి హైఫన్ కే, హైఫన్ బీ, హైఫన్ 1 ఇస్తే ముందు బూట్ తాలూకు కెర్నెల్ సందేశాలు వస్తాయి, అవి జతచేయండి. లాగులో మీ సిస్టమ్ పేరు, నెట్‌వర్క్ వివరాలు ఉండొచ్చు. పంపే ముందు ఒకసారి చదవండి. లక్షణం ఒకేలా ఉంది కదా అని వేరే హార్డ్‌వేర్ వాళ్ల పాత బగ్ కింద "నాకూ ఇదే" అని రాయడం వల్ల ఇద్దరి బగ్గూ చిక్కుపడుతుంది. విడిగా పెట్టండి.

తెలుగు విషయానికొస్తే ఈ పని మనమే చెయ్యాలి. హార్ఫ్‌బజ్ (అక్షరాలను, వత్తులను కూర్చే లైబ్రరీ) గానీ, ఫాంట్ ప్యాకేజీ గానీ మారాక "స్త్రీ"లో రావత్తు పక్కకి జారితే, తెలుగు చదవలేని టెస్టర్‌కి అది తప్పని తెలిసే దారి లేదు. పెద్ద అప్‌డేట్ పడ్డాక స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, కార్‌లో ఈ నాలుగు మాటలు లిబ్రేఆఫీస్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, పీడీఎఫ్‌లో చూసుకోండి. ఒకచోట చెడి ఇంకోచోట బాగుంటే అది కూడా రాయండి. ఫైర్‌ఫాక్స్ తన సొంత హార్ఫ్‌బజ్‌ని వెంట తెచ్చుకుంటుంది గనక, లోపం ఎక్కడుందో ఆ తేడానే పట్టిస్తుంది. "వత్తు సరిగా లేదు" అంటే డెవలపర్‌కి అర్థం కాదు. ఫాంట్ పేరు, సరైన రూపం బొమ్మ, చెడిన రూపం బొమ్మ, యూనికోడ్ వరుస (ఒక్కో అక్షరం కోడ్) ఇవ్వండి. స్త్రీకి ఆ వరుస 0సీ38, 0సీ4డీ, 0సీ24, 0సీ4డీ, 0సీ30, 0సీ40. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో యాప్‌లను కూలగొట్టింది కూడా ఇలాంటి వరుసే: జ్ఞాలో దీర్ఘానికి ముందు కంటికి కనపడని జెడ్‌డబ్ల్యూఎన్‌జే (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు). బొమ్మ ఒక్కటే చూస్తే అది దొరికేది కాదు.

మిగతావి గబగబా. "ఫేజింగ్ వల్ల ఆగింది" అని వస్తే సిస్టమ్ చెడినట్టు కాదు. అప్‌డేట్‌ని ముందు కొద్దిమందికే ఇచ్చి, ఎర్రర్లు పెరక్కపోతే మెల్లగా అందరికీ వదులుతారు. బలవంతంగా లాక్కోవద్దు. "కెర్నెల్ వాళ్లు పట్టించుకోరు" అన్నది వట్టి పుకారు. నిన్న పనిచేసింది ఇవాళ చెడకూడదన్నది అక్కడ మొదటి నియమం, రిగ్రెషన్లను వెంటాడటానికి రెగ్జ్‌బాట్ అని ప్రత్యేకంగా ఒక బాట్ ఉంది. గిట్ బైసెక్ట్ (మార్పులను సగం సగం చేసుకుంటూ వెతకడం) చేయగలిగితే వెయ్యి మార్పుల్లో తప్పు మార్పుని దాదాపు 10 బూట్లలో పట్టుకోవచ్చు. "ప్రపోజ్డ్ (సవరణలను విడుదలకు ముందు పరీక్షకు పెట్టే చోటు) ఆన్ చేస్తే సిస్టమ్ మొత్తం టెస్టింగ్‌లోకి పోతుంది" అన్నది 22.04లో పిన్నింగ్ (ఏ ప్యాకేజీ ఎక్కణ్నుంచి రావాలో చెప్పే అమరిక) పెట్టకపోతే నిజమే. 24.04లో మీరు పేరు పెట్టి అడిగిన ప్యాకేజీ, దానికి అవసరమైనవి తప్ప మిగతావి రావు.

మీ బగ్‌కి సవరణ వచ్చాక అది ముందు ఆ ప్రపోజ్డ్‌లోనే కనీసం 7 రోజులు ఉంటుంది. బగ్ మీద వెరిఫికేషన్ నీడెడ్ ట్యాగ్ పడుతుంది. అప్పుడు ఆ ఒక్క ప్యాకేజీ వేసి, బగ్‌లో రాసిన టెస్ట్ ప్లాన్ వరుసగా నడిపి, ఏ వెర్షన్ వేసి చూశారో రాసి, ఆ తర్వాతే ట్యాగ్‌ని వెరిఫికేషన్ డన్ నోబుల్‌గా (నోబుల్ అంటే 24.04 పేరు) మార్చండి. చూడకుండా మారిస్తే చెడిన సవరణ అందరి మెషీన్ల మీదా పడుతుంది. పనిచెయ్యకపోతే ఫెయిల్డ్ అని పెట్టడానికి మొహమాటపడకండి, ఆ ట్యాగ్ ఉన్నది అందుకే.

సవరణ వచ్చేదాకా పాత వెర్షన్ మీద ఉండటానికి ఆప్ట్ మార్క్ హోల్డ్ పెట్టుంటారు. దాన్ని తీయడం మర్చిపోయిన మెషీన్లు ఏడాది తరబడి ఆ ప్యాకేజీకి సెక్యూరిటీ అప్‌డేట్లు లేకుండా నడుస్తుంటాయి. ఆప్ట్ మార్క్ షోహోల్డ్ కొట్టి చూసి, అన్‌హోల్డ్ చేసి, మామూలు అప్‌గ్రేడ్ ఒకటి నడపండి.