ట్రానెక్సామిక్ యాసిడ్ గొడవ వెనక ఉన్న మూడు గంటల కథ

రక్తస్రావం తగ్గించడానికి వాడే ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందు మీద వాదన మళ్ళీ రాజుకుంది. ఒక పక్కన, ఆపరేషన్ అయినా కాన్పు అయినా రక్తం పోకముందే అందరికీ ఒక డోసు వేసెయ్యండి, పోయేదేముంది అనేవాళ్ళు. ఇంకో పక్కన, గడ్డ కరగనివ్వని మందు అంటే గడ్డలు కట్టించే మందే కదా, రేపు కాల్లోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ పడితే ఎవరు చూస్తారు అనేవాళ్ళు. రక్తం ఎలా గడ్డకడుతుందో అందరూ ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు కాబట్టి అది వదిలేసి నేరుగా 2011 కి వెళ్దాం, నాకు తెలిసి అసలు ముడి పడింది అక్కడే.

అంతకు ముందు ఏడాది, 2010 లో, క్రాష్-2 ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 40 దేశాలు, 274 ఆస్పత్రులు, గాయాలతో రక్తం పోతున్న 20,211 మంది. మందు ఇవ్వని గుంపులో 16 శాతం చనిపోతే ఇచ్చినవాళ్ళలో 14.5 శాతం, పైగా గడ్డల సమస్యలేమీ పెరగలేదు. బానే ఉంది అనుకున్నారు. 2011 లో అదే డేటాని, గాయమైన ఎంతసేపటికి మందు పడింది అని గంటల లెక్కన విడదీసి చూశారు. గంటలోపు పడినవాళ్ళలో రక్తం పోయి చనిపోవడం 7.7 నుంచి 5.3 శాతానికి తగ్గింది, ఒకటి నుంచి మూడు గంటల మధ్య 6.1 నుంచి 4.8 కి. మూడు గంటలు దాటాక మాత్రం తిరగబడింది, మందు లేనివాళ్ళలో 3.1, ఇచ్చినవాళ్ళలో 4.4. అదే మందు, అదే డోసు! ఇలా ముక్కలు చేసి చూసిన లెక్కల్ని నమ్మకూడదు అన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు, మామూలుగా అయితే అది సబబైన మాటే, కానీ ఇక్కడ ఒంట్లో జరిగే పని కూడా అదే చెప్తోంది.

ఎలాగంటే, దెబ్బ తగలగానే రక్తనాళాల లోపలి పొర టీపీఏ అనే పదార్థాన్ని వదులుతుంది, అది రక్తంలో ఉండే ప్లాస్మినోజెన్‌ని ప్లాస్మిన్‌గా మారుస్తుంది, ప్లాస్మిన్ వెళ్ళి గడ్డలోని ఫైబ్రిన్ పోగుల్ని కోసేస్తుంది. దీనికి ఒంట్లోనే రెండు బ్రేకులున్నాయి, టీపీఏని ఆపే పీఏఐ-1, ప్లాస్మిన్‌ని పట్టేసే ఆల్ఫా-2 యాంటీప్లాస్మిన్. పెద్ద గాయంలో మొదట టీపీఏ ఒక్కసారిగా పొంగుతుంది, కొన్ని గంటలకి పీఏఐ-1 బాగా పెరిగి కరగడం దానంతట అదే మూతపడుతుంది. ట్రానెక్సామిక్ చేసేదల్లా ప్లాస్మినోజెన్ ఫైబ్రిన్‌ని పట్టుకునే చోట ముందే వెళ్ళి కూర్చోవడం. అంటే అది కొత్త గడ్డ కట్టించదు, ఉన్నదాన్ని కరగనివ్వదు అంతే. కరగడమే ఆగిపోయాక ఇస్తే అది ఆపడానికి అక్కడ పెద్దగా ఏమీ మిగలదు.

ఈ మందు వయసు తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. జపాన్‌లో ఉతాకో ఒకామోతో, ఆవిడ భర్త షోసుకే కలిసి దీని గురించి 1962 లోనే పేపర్ వేశారు. ఉతాకో మొదటినుంచీ అనుకున్నది కాన్పు తర్వాత రక్తస్రావం గురించే, ట్రయల్ చెయ్యండని అడిగితే అక్కడి కాన్పు డాక్టర్లు ముందుకు రాలేదు. అలా యాభై ఏళ్ళకు పైగా పోయాయి, ఆ మందు ఎక్కువగా పళ్ళు తీయించుకునే హీమోఫీలియా (రక్తం సరిగ్గా గడ్డకట్టని పుట్టుక జబ్బు) వాళ్ళకీ నెలసరి ఎక్కువయ్యేవాళ్ళకీ వాడే మందుగా ఉండిపోయింది.

పైన చెప్పిన బ్రేకుల్లో ఒకటి పుట్టుకతోనే లేనివాళ్ళని చూస్తే గంటల సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. ఆల్ఫా-2 యాంటీప్లాస్మిన్ లేని మొదటి కేసు 1970ల చివర్లో జపాన్‌లోనే బయటపడింది, పీఏఐ-1 అసలు తయారవ్వని జన్యులోపం అమెరికాలో ఆమిష్ అనే చిన్న క్రైస్తవ సమాజానికి చెందిన ఒక కుటుంబంలో దొరికింది, 1992 లో ప్రచురించారు. వీళ్ళకి దెబ్బ తగిలితే రక్తం మామూలుగానే ఆగుతుంది, తర్వాతెప్పుడో, ఒక్కోసారి మర్నాడు, గడ్డ కరిగిపోయి మళ్ళీ కారుతుంది. గడ్డకట్టే టైం చూసే పీటీ, ఏపీటీటీ టెస్టులు, ప్లేట్‌లెట్ల కౌంట్ అన్నీ నార్మల్ వస్తాయి, ఎందుకంటే ఆ టెస్టులు చూసేది గడ్డ కట్టడాన్ని, కరగడాన్ని కాదు, అందుకే చాలామందిని నీకేం లేదు పో అని పంపించేస్తారు. గడ్డల భయంతో ఈ మందుని గట్టిగా కట్టడి చెయ్యాలి అనేవాళ్ళు వీళ్ళ ఊసే ఎత్తరు, వీళ్ళకి అసలు వైద్యమే ఇది.

ఉతాకో అడిగిన ట్రయల్ చివరికి 2017 లో వచ్చింది, ఆవిడ 2016 లోనే పోయారు. ఉమన్ ట్రయల్, కాన్పు తర్వాత రక్తస్రావమైన 20,060 మంది బాలింతలు. చావు, గర్భసంచి తీసెయ్యడం రెండూ కలిపి చూస్తే తేడా పెద్దగా లేదు, కానీ రక్తం పోయి చనిపోవడం 1.9 నుంచి 1.5 శాతానికి తగ్గింది, మూడు గంటలలోపు ఇచ్చినవాళ్ళలో 1.7 నుంచి 1.2 కి. 2018 లో ఈ ట్రయల్‌నీ క్రాష్-2 నీ కలిపి లెక్కేస్తే ప్రతి 15 నిమిషాల ఆలస్యానికి లాభం దాదాపు 10 శాతం తగ్గుతోందని తేలింది.

భయపడేవాళ్ళ చేతిలో ఉన్న గట్టి ఆధారం 2020 నాటి హాల్ట్-ఇట్ ట్రయల్. కడుపులో, పేగుల్లో రక్తస్రావమైన 12,009 మందిలో సగంమందికి ఇచ్చి చూస్తే చావులు తగ్గలేదు, సిరల్లో గడ్డలు 0.4 నుంచి 0.8 శాతానికి పెరిగాయి. నిజమే. అయితే అక్కడ 24 గంటలపాటు మందు ఎక్కించారు, రక్తం ఎప్పుడు మొదలైందో రోగికే తెలియని జబ్బు అది.

అందరికీ ముందే ఇచ్చెయ్యండి అనేవాళ్ళకీ ఎదురుదెబ్బ తగిలింది. 2023 లో ఉమన్-2 ట్రయల్లో రక్తహీనత ఉన్న 15,068 మందిలో సగంమందికి కాన్పవగానే ఇచ్చి చూశారు, రక్తస్రావం ఇచ్చినవాళ్ళలో 7 శాతం, ఇవ్వనివాళ్ళలో 6.6. ఏ లాభమూ లేదు. ఆపరేషన్ల సంగతి వేరు, 2022 లో పోయిజ్-3 ట్రయల్లో పెద్ద రక్తస్రావాలు 11.7 నుంచి 9.1 శాతానికి తగ్గాయి, గుండెకి, రక్తనాళాలకి పూర్తిగా సేఫ్ అని మాత్రం తేల్చలేకపోయారు.

ఇప్పుడు జరుగుతున్న పనుల్లో నాకు ఎక్కువ పనికొచ్చేలా కనిపిస్తున్నది కండకి ఇచ్చే ఇంజెక్షన్. నరానికి ఎక్కించాలంటే మనిషి కావాలి, టైం కావాలి, కండకి అయితే మంత్రసాని కూడా వెయ్యొచ్చు, రక్తంలో సరిపడా స్థాయి దాదాపు పది నిమిషాల్లో వస్తోంది.